లావు అక్షరాల ఫోను

ఆ ఉదయం పామిడిలో బస్సెక్కిన రామసుబ్బమ్మ సంచిలో రెండే రెండు ముఖ్యమైన వస్తువులున్నాయి. ఒకటి కొత్త ఇత్తడి గిన్నె, రెండోది కొత్త ఫోను. గిన్నె మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. పాపం, అది చివరిదాకా తన పని తాను చేసుకుపోయింది. జరిగిందంతా ఫోను వల్లే జరిగింది.

బుక్కరాయసముద్రంలో తమ్ముడు రాఘవేంద్ర గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఆ ఇంటికి ఆడపడుచులు ఇద్దరు, పెద్దది రామసుబ్బమ్మ, చిన్నది సువర్ణ. తమ్ముడు అంగడి తెరిచిన రోజు రామసుబ్బమ్మ చీర తేల్చుకునేసరికి ఆలస్యమై, దీపం సువర్ణ వెలిగించేసింది. అప్పటినుంచి ఏ పెళ్లికి పోయినా "మా అక్క వచ్చేలోపల వడ్డన అయిపోతాది" అని సువర్ణ అందరికీ చెప్పి నవ్వించడం, రామసుబ్బమ్మ పళ్లు నూరుకోవడం. అంగళ్లు పది తెరవచ్చు గానీ మనిషి ఇల్లు ఒక్కసారే కడతాడు. అందుకే ఈసారి పాలు తన చేత్తోనే పొంగాలని ఆమె పంతం పట్టింది. తమ్ముడి భార్య లక్ష్మీప్రసన్న ముందురోజే ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది.

"పదిన్నరకు ముహూర్తం వదినా. నువ్వు రాకపోతే సువర్ణొదిన చేత పొంగిచ్చేస్తాం. మల్ల నన్ను అనద్దు."

"పది కాకముందే నీ గడప ముందర ఉంటా, చూస్తా ఉండు!" అంది రామసుబ్బమ్మ.

ఇక ఫోను సంగతి. రామసుబ్బమ్మకు డిటెక్టివ్ నవలల పిచ్చి. కళ్లు మసకబారి రెండేళ్లయినా కళ్లజోడు పెట్టుకోదు. "ఏమే, ఒక జోడు తెచ్చుకోరాదా?" అని భర్త మల్లికార్జునయ్య అడిగితే, "జోడు పెట్టుకుంటే ముసల్దాన్నయిపోతా, నీకేం పోయె!" అని కసిరేది. చివరికి ఫోన్లోనే పుస్తకాలు చదవచ్చని విని ఫోన్ల అంగడికి పోయింది. అంగడి రవికుమార్ కెమెరా గొప్పదన్నాడు, మెమరీ గొప్పదన్నాడు, చార్జింగు క్షణాల్లో ఎక్కుతుందన్నాడు.

"అవన్నీ నాకేంటికప్పా? నేనేమన్నా పెండ్లిళ్లకు ఫోటోలు తీయాల్నా? దీంట్లో అక్షరం ఎంత లావుగా కనపడతాది, అది చెప్పు."

అతను అక్షరాలు పెంచాడు. ఇంకా అంది. ఇంకా పెంచాడు. ఇంకా అంది. ఆఖరికి తెర మీద ఏడెనిమిది మాటలు మిగిలాయి, ఒక్కో అక్షరం వడియమంత ఉంది. "ఆఁ, ఇప్పుడు కనపడతాంది," అని రామసుబ్బమ్మ తృప్తిగా ఇంటికి తెచ్చుకుంది.

ఫోన్లో పుస్తకాలు పెట్టిచ్చింది మాత్రం సువర్ణ. ఆమె దానికి తన ఖాతానే తగిలించింది. "ఒగ పుస్తకం రెండుసార్లు కొనేదేంటికక్కా, దండగ! ఒకరు కొంటే ఇద్దరం చదువుకోవచ్చు," అంది. తరతరాలుగా బట్టల వ్యాపారం చేసిన ఇంటి ఆడపిల్లలు కదా, ఈ బేరం ఇద్దరికీ నచ్చింది.

తిప్పేస్వామి బస్సులో ఆమెకు డ్రైవరు వెనక సీటే దొరికింది. బస్సు ఆయనదే, నడిపేదీ ఆయనే. ఊరు దాటగానే రామసుబ్బమ్మ ఫోను తీసి నవల తెరిచింది. రిటైర్డు జడ్జిగారు రాత్రి పాలు తాగి, పడక్కుర్చీలోనే ప్రాణం విడిచాడు. పాలల్లో విషం. కలిపింది ఎవరు? ఇంట్లో ఉన్నది జడ్జిగారి చెల్లెలు, డాక్టరు, వంటమనిషి. రామసుబ్బమ్మ ఊపిరి బిగబట్టి పేజీ తిప్పింది.

"ఉండమ్మా, ఉండు! నేనింకా ఆడికి రాలేదు," అని వెనకనుంచి గొంతు వినిపించింది.

తిరిగి చూస్తే బడిపంతులు విజయభాస్కర్. ఆయన వెనక సీటువాళ్లు, వాళ్ల వెనకవాళ్లు, నిలబడ్డవాళ్లు, అందరి మెడలూ తన ఫోను మీదికి వంగి ఉన్నాయి. అంత లావు అక్షరాలు పెట్టుకుని ఒంటరిగా చదువుకుందామనుకోవడం ఆమెదే పొరపాటు మరి!

"మాకు చదువు రాదు గదా, నోటితో చెప్పు సారూ," అంది కూలిపనికి పోతున్న నల్లమ్మ. పంతులు గొంతు సవరించుకుని పాఠం చెప్పినట్టు పైకి చదవడం మొదలుపెట్టాడు. పేజీకి ఏడు మాటలు కాబట్టి రామసుబ్బమ్మ వేలు ఆగకుండా తిప్పుతూనే ఉండాలి. తిప్పేస్వామి ఇంజను చప్పుడులో మాటలు వినపడటం లేదని బస్సు వేగం తగ్గించాడు. ఎడ్లబండి ఒకటి వాళ్లను దాటిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ చెల్లెలే కలిపింటాది. ఆస్తి కోసరం," అంది నల్లమ్మ.

"డాక్టరు, డాక్టరు! విషం సంగతి వానికి గాక ఎవరికి తెలుస్తాది?" అన్నాడు తిప్పేస్వామి, దారి వదిలి వెనక్కి తిరుగుతూ.

"నువ్వు ముందర చూడప్పా!" అని బస్సంతా అరిచింది.

సరిగ్గా డాక్టరు సంచి తెరిచే చోట ఫోన్లో ఏదో ప్రశ్న వచ్చింది. అక్షరాలు లావైపోయి ప్రశ్న తెరలో పట్టలేదు, కింద 'అవును' అన్న ఒక్క ముక్కే కనిపించింది. రామసుబ్బమ్మ అవును నొక్కింది. పేజీ మారింది. పంతులు చదవబోయి ఆగిపోయాడు.

"ఏమాయె సార్?"

"చచ్చిన జడ్జి మల్ల లేసి పండ్లు తోముకుంటాండాడు."

బస్సులో గగ్గోలు పుట్టింది. రామసుబ్బమ్మ తంటాలు పడి కథను ముందుకు లాక్కొచ్చింది. మళ్లీ ప్రశ్న, మళ్లీ అవును, మళ్లీ జడ్జి పళ్లు తోముకోవడం. మూడోసారి ఆయన నోరు పుక్కిలించేలోపల ఫోను మోగింది. సువర్ణ.

"అక్కా, నువ్వు చదివేది నిలుపు! ఖాతా ఒకటే గదా, నువ్వు యాడికి పోతే నా ఫోనూ ఆడికే దుంకుతాంది! నేను పేజీ తిప్పకుండానే నా జడ్జి చచ్చిపాయ!"

"నువ్వూ ఇదే చదువుతాండావా? నీవల్ల మా జడ్జి చావలేకుండా ఉండాడే! నువ్వే నిలుపు!"

"నా ఖాతా, నేనెందుకు నిలుపుతా? అయినా నువ్వు యాడుండావు? టైము చూసుకున్యావా? నీకోసరం ఎవరూ కాసుకోని కూర్చోరు!"

రామసుబ్బమ్మ గబుక్కున ఫోను దించింది. బయటికి చూస్తే బస్సు ఇంకా అనంతపురమే చేరుతోంది, అక్కడ దిగి ఇంకో బస్సెక్కాలి. పది దాటింది. "అయ్యో, నా పాలు!" అని లేచి, గిన్నె సంచి చంకన పెట్టుకుంది. ఆమెతో పాటు బస్సంతా లేచింది, దిగడానికి కాదు, ఆమెను ఆపడానికి.

"నువ్వు దిగితే కథ దిగిపోయినట్లే గదమ్మా! యాడికి పోవాల నువ్వు?" అన్నాడు తిప్పేస్వామి.

"బుక్కరాయసముద్రం పోవాలప్పా. ముహూర్తం దాటిపోతాంది!"

"అంతేనా? కూచో!" అని ఆయన బస్సును అటు తిప్పేశాడు. ఒక్క ప్రాణీ కాదనలేదు. పంతులుకు ట్రైనింగు ఉంది, నల్లమ్మకు కూలి ఉంది, అందరికీ ఏదో ఒకటి ఉంది. కానీ హంతకుడెవరో తెలియకుండా దిగి ఎవరు పోతారు?

బస్సు పందిరి ముందు ఆగేసరికి సువర్ణ పాలు పొంగించనే పొంగించింది. చుట్టాలంతా చిన్న గ్లాసులు పట్టుకుని గుటకలు వేస్తున్నారు. అది చూసి రామసుబ్బమ్మ గడపలోనే నిలబడిపోయింది. "మా చెల్లెలు... పాలు..." అని మాత్రం అనగలిగింది. వెనక బస్సుజనం వాదులాడుకుంటూనే దిగారు.

"పాలల్లో విషం కలిపింది చెల్లెలే! రాసిస్తా!" అని నల్లమ్మ పందిరంతా వినపడేలా అంది.

"కాదు, డాక్టరే!" అని తిప్పేస్వామి అంతకంటే గట్టిగా అరిచాడు.

పందిట్లో గుటకలు ఆగిపోయాయి. లక్ష్మీప్రసన్న తండ్రి నోట్లో పాలు పురోహితుడి అంగవస్త్రం మీద పడ్డాయి. ఎవరో కడుపు పట్టుకున్నారు. చుట్టాల్లో ఒక హోమియో డాక్టరు ఉన్నాడు, ఆయన గ్లాసు కిందపెట్టి నిశ్శబ్దంగా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సువర్ణ గరిటె పట్టుకుని రాయిలా నిలబడింది.

అదంతా కథని పంతులు నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. నమ్మినవాళ్లు కూడా ఆ పాలు మాత్రం మళ్లీ ముట్టలేదు. పురోహితుడు అంగవస్త్రం పిండుకుంటూ తేల్చేశాడు.

"శుభమా అని పాలు పొంగిస్తే విషమని మాట పడె. మళ్లీ పొంగించాలి. ముహూర్తం పదిన్నరే గానీ లగ్నం ఇంకా దాటలేదు. పెద్దామె ఎవరు?"

"నేనే స్వామీ!" అంది రామసుబ్బమ్మ. ఆ సంతోషం ఆమె ముఖాన పట్టలేదు. కొత్త గిన్నె కడిగి, పసుపు రాసి, పొయ్యి మీద పెట్టి, పాలు పోసి, చెల్లెలి వైపు ఒక్క చూపు చూసింది.

సువర్ణ గరిటె పక్కన పడేసింది. తన ఫోను తీసుకుని తిన్నగా పందిట్లోకి పోయి, "రండప్పా అందరూ, మిగిలింది నేను చదువుతా," అంది.

పాలు ఒక పట్టాన పొంగవు, ఎదురుచూసేవాళ్లుంటే అసలు పొంగవు. పొయ్యి వదిలి కదలడానికి లేదు. బయట సువర్ణ గొంతు పైకీ కిందికీ పోతోంది. బస్సువాళ్లతో పాటు చుట్టాలూ చేరారు. ఫోటో తీస్తానన్న లక్ష్మీప్రసన్న "ఒక్క నిమిషం వదినా" అని పోయి మళ్లీ రాలేదు. తమ్ముడూ పోయాడు. పురోహితుడు రెండుసార్లు గుమ్మం దాకా పోయి వచ్చాడు, మూడోసారి రాలేదు. ఇంతలో రామసుబ్బమ్మ చేతిలోని ఫోన్లో ఆ పాత ప్రశ్నే వచ్చింది. అలవాటుగా అవును నొక్కింది. తెరనిండా రెండే మాటలు కనిపించాయి. 'కథ సమాప్తం'. బయట జనం ఒక్కసారిగా హోరుమన్నారు.

మంచినీళ్ల కోసం నల్లమ్మ లోపలికి వచ్చింది.

"అయ్యో, పొంగినాయి గదమ్మా పాలు! ఎంత బాగా పొంగినాయో, తూర్పు దిక్కుకే!" అని చేతులెత్తి మొక్కింది. ఆ మొక్కే చేతులతోనే, "నేను చెల్లెలనుకుంటి. పాపం, ఆయమ్మ ఏమీ చేయలేదంట. వంటామె అంటమ్మా!" అని చెప్పేసి నీళ్లు తాగింది.

మరుసటి వారమే రామసుబ్బమ్మ కళ్లజోడు చేయించుకుంది, అక్షరాలు చీమతలంత చేయించుకుంది, ఖాతా కూడా విడిగా తెరిపించుకుంది.