అంగుళమున్నర అతుకు విజయము

ఓ కరెంటు తల్లీ! జూరాల ఆనకట్ట నీళ్లలో పుట్టి, తీగెల వెంట నడయాడి, ఆత్మకూరు ట్రాన్స్‌ఫార్మరునందు కొలువుదీరి, దయ కలిగినపుడు వచ్చి, అలిగినపుడు పోవు చంచలా! పొద్దుగూకు దాకా కదలకుము. నీ భక్తుని యుద్ధగాథ చెప్పవలసియున్నది.

అది చైత్ర శుద్ధ త్రయోదశి. ఉదయ మార్తాండుడే రేకుల షెడ్డును పెనమువలె కాల్చుచుండగా, ఆత్మకూరు బస్టాండు వెనుక సందులో, వెల్డింగు విద్యావిశారదుడు, గ్రైండరు గాండీవధారి, ముప్పదియేండ్లుగా నాగళ్లకును ట్రాలీలకును ప్రాణము పోసిన అయోవైద్య శిరోమణి చెన్నయ్య, తన అల్లుని జీపు ముందు రొమ్ము విరుచుకొని నిలిచెను. సామాన్యమగు జీపు కాదది. లింగాల నుండి నల్లమల లోపలి జాతరకు, రాయి రప్పా వాగూ వంకా లెక్కచేయక జనులను మోయు నాలుగు చక్రాల ఏనుగు. దాని వీపున పైపులతో కట్టిన పంజరము కలదు. రోల్ కేజ్ అందురు. బండి పల్టీ కొట్టినను లోపలివారి తలకాయలను దక్కించుట దాని ధర్మము.

నిరుటి జాతరలో ఆ జీపు పల్టీ కొట్టనే కొట్టెను. తలకాయలన్నియు దక్కెను గాని పంజరపు ఎడమ మూల లోపలికి వంగి, అక్కడ కూర్చున్న భవాని మోచేయి విరిగెను. భవాని ఎవరనగా, చెన్నయ్యకు ఒక్కగానొక్క బిడ్డ. ఎల్లుండి మరల జాతర. ముసలీముతకలను ఎక్కించి దింపుట భవాని పని గనుక, మరల ఆ మూలనే ఆమె కూర్చుండును. చెన్నయ్యకు భయము. నెలనాళ్లుగా కంటిమీద కునుకు లేనంత భయము.

కావున నాటి ఉదయమున అతడు సుత్తి పైకెత్తి, దిక్కులు దద్దరిల్ల ప్రతిజ్ఞ చేసెను.

“ఇను అల్లుడా! ఏనుగు తొక్కనీ, గుట్ట ఇరిగి మీద వడనీ, నా అతుకు ఊడిందంటే ఈ చెన్నయ్య మల్ల రాడ్డు వట్టడు! పొద్దుగూకేసరికి నీ బండి నీ చేతుల వెడ్త. నువ్వు జర పక్కకు జరుగు, ఎల్తురుకు అడ్డమున్నవ్.”

“సరే మామా,” అని అల్లుడు మహేందర్ వినయభూషణుడై జరిగెను.

వంగిన పైపు నేలగూలెను. కొత్త పైపు నిలిచెను. ఒకటి, రెండు, మూడు… ఆరు అతుకులు ఒకదాని వెంట ఒకటి వశమయ్యెను. మిగిలినది ఏడవది. ఏటవాలు పైపు వచ్చి ఎడమ మూలను తాకు చోటు. పొడవు అంగుళమున్నర. భవాని తల పక్కనే.

చెన్నయ్య నల్లద్దపు కవచము దించి రాడ్డు తాకించెను. చిటపట! నిప్పురవ్వలు నలుదిక్కులకు ఎగసెను. చల్లారిన పిదప చూడ, అతుకు జల్లెడవలె తూట్లు. సుత్తితో తట్టగా టప్పున ఊడెను.

“రాడ్లకు చెమ్మ వట్టింది,” అని వీరుడు రాడ్లను గొనిపోయి, షెడ్డు వెనుకనే ఉన్న ఇంటిలో పెనముపై వేయబోయెను.

“పెనం మీద జొన్నరొట్టె కాల్వాల్నా, నీ రాడ్లు కాల్వాల్నా?” అని అర్ధాంగి జోగులమ్మ అడ్డుపడెను. రొట్టెలే గెలిచెను. రాడ్లు తమ వంతుకై వేచెను.

రెండవమారు దాడి. మరల తూట్లు. “జంగు ఉన్నది,” అని గ్రైండరుతో తుప్పు గీకి, ఇనుమును వెండివలె మెరయజేసి, చాయ తాగి వచ్చి అంటించెను. మూడవమారును తూట్లే. “కరెంటు తక్కువొస్తుంది,” అని ట్రాన్స్‌ఫార్మరు వంక చూచి, వ్రాయరాని మాటలాడెను. తల్లీ, క్షమింపుము!

అయితే ఒక వింత. అతుకు వేసిన ప్రతిసారియు షెడ్డులో తాలింపు వాసన గుప్పుమనెను. మొదట చెన్నయ్య పప్పు అనుకొనెను. రెండవమారు చారు అనుకొనెను. నాలుగవమారు ఇనుము గీకి, రాడ్లు తెచ్చుటకు పోవుచు, భోజనములై గిన్నెలు కడిగి బోర్లించి యుండుట చూచి, మరి ఆ తాలింపు ఎక్కడిదని గుమ్మమున నిలిచి, మెల్లగా వెనుదిరిగి చూచెను.

జోగులమ్మ జీపు దగ్గర మడమలెత్తి నిలిచి, నూనెలో కలిపిన పసుపును మూల వెనుకవైపు వేలితో పూయుచుండెను. నల్లద్దము దించుకొని వచ్చు వీరునికి అది కనబడు దారియే లేదు.

“ఏందే గిది!” అని చెన్నయ్య గర్జించెను. “నూనె మండి బుడగలొస్తుంటే అతుకెట్ల వడ్తదే? నేను పొద్దటి సంది ఉత్త పుణ్యానికి కరెంటును తిడుతున్న!”

“పసుపు వెట్టకుంట ఎవడన్న పని జేస్తడా?” జోగులమ్మయు తగ్గలేదు. “నా బిడ్డ కూసునే జాగ గది. నువ్వు గీకినప్పుడల్ల పోతుంది, నేను మల్ల వెడుతున్న. నీకు నీ అతుకు మీద నమ్మకం, నాకు అమ్మోరి మీద నమ్మకం.”

“నమ్మకముంటే నెల సంది నాకు నిద్రెందుకు వడ్తలేదే?”

ముప్పదియేండ్ల కాపురమున ఆమె అతని నోట అట్టి మాట వినలేదు. కోపము ఎటు పోయెనో పోయెను.

“పసుపు తర్వాత వెట్టు, ఫస్టు అతుకు వెయ్యనియ్యి అని పొద్దుగాలనే చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలుతుండెనా?” అని గొణుగుచు, ఆమె తన కొంగుతోనే ఆ మూలను ముందు, వెనుక తుడిచెను. చెన్నయ్య దానిపై మరల గ్రైండరు ఆడించెను.

ఇక వినుడు సప్తమాతుకు సంగ్రామము! కవచము దిగెను. రాడ్డు తాకెను. ఈమారు చిటపటలు లేవు, తాలింపు లేదు. నూనె పోసినంత నున్నగా జర్రున సాగెను. చల్లారనిచ్చి, పైన మాడిన చిట్టెపు పెచ్చును రాల్చి చూడ, వరుసగా పేర్చిన రూపాయి బిళ్లలవలె అతుకు మెరిసెను. సుత్తి దెబ్బలు మూడు పడెను. అతుకు ఉలకలేదు, పలకలేదు.

చెన్నయ్య “అయింది” అనబోవునంతలో, జోగులమ్మ చీర దోపుకొని జీపెక్కి, ఆ ఏటవాలు పైపును రెండు చేతుల బిగబట్టి, కాళ్లు పైకెత్తి వ్రేలాడెను.

“అత్తమ్మా, దిగు దిగు! పడ్తవ్!” అని మహేందర్ హాహాకారము చేసెను.

“ఆగు అల్లుడా. ఎల్లుండి నా బిడ్డ వట్టుకునేది దీన్నే.”

ఆమె ఇటు ఊగెను, అటు ఊగెను. జీపు మొత్తము కిర్రుకిర్రుమనెను గాని మూల మాత్రము వెంట్రుకవాసి కదలలేదు. చెన్నయ్య నెలనాళ్ల తరువాత తొలిసారి హాయిగా ఆవులించెను. ఆమె దిగి పసుపు గిన్నె అందుకొనగా, అతడే గిన్నె పట్టుకొని నిలిచెను.

జయ జయ! అంగుళమున్నర రాజ్యము సంపూర్ణముగా జయింపబడెను! దేవదుందుభులు తీరిక లేక రాలేదు గాని, సరిగ్గా ఆ క్షణమున బస్టాండులో వనపర్తి బస్సు బయలుదేరుచు దీర్ఘముగా హారను మ్రోగించెను. చెన్నయ్య దానిని తన కొరకే అనుకొనెను. కాదనుటకు మనమెవరము?