లైసెన్సు లేని మొరుగుడు

స్వతంత్ర దేశంలో ప్రతి కుక్కకూ మొరిగే హక్కు ఉంది. ప్రతి పౌరుడికీ ఆ మొరుగుడు మీద అర్జీ పెట్టుకునే హక్కు ఉంది. మొదటి హక్కు వెంటనే అమలవుతుంది, రెండోది తగిన విచారణ జరిగిన తర్వాత అమలవుతుంది. ప్రభుత్వ యంత్రాంగం గురించి ఇంతకు మించి ఎవరూ తెలుసుకోనక్కరలేదు. నా ఖర్మ కాలి నేను తెలుసుకోవలసి వచ్చింది గనక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను ముత్తుకూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులును. మా పక్కిల్లు చెంచురామయ్యది. ఆయనకు మాగాణి ఉంది, పెరట్లో పెద్ద గడ్డివామి ఉంది, ఆ వామికి కాపలాగా మూడు కుక్కలున్నాయి. నల్లోడు అనేది ఆకు రాలినా మొరుగుతుంది. టైగరు అనేది నల్లోడు ఎందుకు మొరిగిందని మొరుగుతుంది. మూడోది సోల్జరు. అది చాలా నిదానం గల కుక్క. ముందు రెండూ అలిసిపోయి ఊరుకున్న తర్వాతగాని మొదలుపెట్టదు.

ఒకరోజు పొద్దున్నే దడి దగ్గర నిలబడి మర్యాదగానే అడిగాను.

"అన్నా, నీ కుక్కల్ని కాస్త అదుపులో పెట్టుకోరాదా? తెల్లార్లూ కంటిమీద కునుకు లేదు."

"బాగుండాది అయ్యోరా! కుక్క మొరక్కుండా హరికత చెప్తాదా?" అన్నాడు చెంచురామయ్య వేపపుల్ల నములుతూ. "అయినా అవి మొరిగేది మీ ఇంటిక్కూడా కాపలానే గదా. నేనేమన్నా మిమ్మల్ని కూలి అడిగినానా?"

ఆ మాటకు జవాబు నా భార్య ఆదిశేషమ్మ దగ్గర ఉంది. ఆమె ట్రంకుపెట్టె సర్దుకుని చిల్లకూరులో పుట్టింటికి బయల్దేరింది.

"ఆ కుక్కలన్నా నోరు ముయ్యాల, గవుర్నమెంటోళ్లన్నా వచ్చి మూపియ్యాల. అందాకా నేనీ గడప తొక్కను. మీకు చేతనైతే ఏదన్నా చెయ్యండి, చేతగాకుంటే అన్నం మీరే వొండుకోండి" అని బస్సెక్కింది.

నిద్ర లేకపోయినా మనిషి బతుకుతాడు. బడిలో ఓ కునుకు తీయవచ్చు (పిల్లలు ఎంతో సహకరిస్తారు). కాని నేను వండిన అన్నం నేను తినడం మాత్రం నా వల్ల కాలేదు. పైగా ఆమె సణుగుడు లేక ఇల్లు బావురుమంటున్నది. దాచుకోవడం దేనికి, ఆమె మీద బెంగ పెట్టుకున్నాను. ఆమె రావాలంటే ప్రభుత్వం కదలాలి. ప్రభుత్వం కదలాలంటే అర్జీ పెట్టాలి. పెట్టాను.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. ఊరూరికీ అధికారాన్ని పంచిపెడుతున్నారు. మా ఊరి వాటాకు జ్ఞానప్రకాశం వచ్చాడు. ఆయన పంచాయతీ గుమాస్తా. నా అర్జీని అటు తిప్పి, ఇటు తిప్పి, ఎండకు పెట్టి కూడా చూశాడు.

"ఈ కుక్కలకు లైసెన్సు ఉండాదా సార్?"

"లేదనుకుంటాను."

"లైసెన్సు లేకుంటే మా లెక్క ప్రకారం అవి లేనట్టే. లేని కుక్కలు మొరగతా ఉండాయని రాసినాననుకోండి, నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు."

"లైసెన్సు లేకుండా కుక్కల్ని పెంచడం తప్పు కదయ్యా?"

"తప్పే సార్, ఎవురు కాదన్నారు? అయితే ముందు కుక్కలుండాల గదా."

(ఈ వాదాన్ని నేను ఇంటికి తీసుకుపోయి అన్ని వైపులనుంచీ వంచి చూశాను. ఎక్కడా విరగలేదు.)

చివరికి ఆయనే జాలిపడి ఒక దారి చూపించాడు. అర్జీలో 'కుక్కలు' అన్న మాట కొట్టేసి, 'మొరుగుడు' అని మాత్రం ఉంచమన్నాడు. మొరుగుడు నిజమని తేలితే అది ఎవరిదో సమితివారే తేల్చి, ఆ మొరిగినదానికి లైసెన్సు తగిలిస్తారట. ఇంత తెలివైనవాడు మా పల్లెలో ఎందుకు పడి ఉన్నాడా అని ఆశ్చర్యపడుతూ కుక్కల్ని కొట్టేశాను.

అర్జీ ప్రయాణం మొదలైంది. మొరగడం ఆరోగ్య లక్షణమనీ, మానేస్తే అప్పుడు తీసుకురావలసిందనీ పశువుల డాక్టరు గారు రాశారు. మొరిగింది మనిషైతే కేసు కడతామని పోలీసువారు రాశారు. వ్యవసాయంవారు ఎకరాకు ఎంత మొరుగుడు దిగుబడి వస్తున్నదని అడిగారు. ఆఖరుకు అది శబ్ద విస్తరణాధికారి జకరయ్య గారి బల్ల మీద వాలింది. వ్యవసాయానికీ కోళ్లకూ విస్తరణాధికారులు ఉన్నట్టే శబ్దాలకు కూడా ఒకరున్నారని నాకు అప్పుడే తెలిసింది. శబ్దాలను విస్తరింపజేయడం ఆయన ఉద్యోగం. తగ్గించడం అదనపు బాధ్యత, దానికి జీతం లేదు.

ఆయన జీపులో దిగాడు. క్యాంపుకు వచ్చిన అధికారికి ఊళ్లో పెద్ద ఇంట్లో భోజనం పెట్టడం ఆచారం. మా ఊళ్లో పెద్ద ఇల్లు చెంచురామయ్యది (మా ఇంట్లో పొయ్యే సరిగా వెలగడం లేదు). అందుచేత ప్రతివాది ఇంట్లో బొమ్మిడాల పులుసుతో విచారణ ప్రారంభమైంది. చేప తలకాయలూ, మిగిలిన అన్నమూ కుక్కల వాటాకు వచ్చాయి. ఇంత మర్యాద ఆ కుక్కలు పుట్టి బుద్ధెరిగి చూసి ఉండవు. మూడూ వామి నీడన కాళ్లు బారజాపుకుని పడుకున్నాయి.

జీపు హారను కొడితే మొరగలేదు. వెంట వచ్చిన బంట్రోతు ఒకదాని తోక తొక్కితే మొరగలేదు. నల్లోడు ఒక కన్ను తెరిచి, వచ్చినవాళ్లు గవర్నమెంటువారేనని చూసుకుని, మళ్లీ మూసుకుంది.

"ఏదండీ మొరుగుడు?" అన్నాడు జకరయ్య గారు తమలపాకుకు సున్నం రాసుకుంటూ.

"ఇప్పుడు లేదండి. చీకటి పడితే మొదలవుతుంది. తమరు ఈ పూట ఇక్కడే ఆగితే..."

"ఆగాలంటే పైనుంచి అనుమతి రావాలి. అనుమతి రావాలంటే మొరుగుడు ఉన్నట్టు రుజువు కావాలి. ఫిర్యాదు వస్తువును అర్జీదారే అధికారి ఎదుట హాజరుపరచవలెనని రూలు." ఆయన తాంబూలం బుగ్గన పెట్టుకున్నాడు. "అది ఎట్లా మొరుగుతుందో మీరే చేసి చూపించండి."

"నేనా!"

"పంతులు గారే కదా. పాఠం చెబుతున్నాననుకోండి."

అప్పటికే ఊరు ఊరంతా దడి చుట్టూ మూగింది. నా దగ్గర అ ఆలు దిద్దినవాళ్లందరూ ముందు వరసలో కూర్చున్నారు. నేను ఆదిశేషమ్మను తలుచుకున్నాను. మొరిగాను.

మొదటి మొరుగు దగ్గులాగా వచ్చింది.

"ఇంకొంచెం గట్టిగా సార్. రాసుకునేదానికి చాలడం లేదు" అన్నాడు జ్ఞానప్రకాశం కలం పట్టుకుని.

అంతే, నాకు రోషం వచ్చింది. చాలడం లేదా! ఇన్నాళ్లూ చెవుల్లో పోసుకున్నదంతా కక్కేద్దామని గుంజ పట్టుకుని అందుకున్నాను. నల్లోడిలా గుక్క తిప్పుకోకుండా మొరిగాను. టైగరులా మధ్యమధ్య గుర్రుమన్నాను. జనం ఆహా అన్నారు.

"అచ్చం మా నల్లోడే!" అని చెంచురామయ్య తొడ చరిచాడు. "అయితే అయ్యోరా, సోల్జరు ఆఖర్న రవ్వంత ఏడుపు కలపతాది. అదిగూడా కలపండి."

కలిపాను. అది కలపడం కష్టం కాలేదు, నిజంగానే వచ్చింది.

ఈ గొడవకు కుక్కలు మూడూ లేచి, వరసగా కూర్చుని, శ్రద్ధగా విన్నాయి. ఒక్కటీ బదులు పలకలేదు (పెద్దవాళ్లు మొరిగేటప్పుడు మధ్యలో అడ్డం రాకూడదని చెంచురామయ్య నేర్పించి ఉంటాడు). జకరయ్య గారు నాకు షేక్‌హ్యాండు ఇచ్చి, ఇంత స్పష్టమైన విచారణ తన సర్వీసులో జరగలేదని చెప్పి జీపెక్కాడు. ఇక ఆదిశేషమ్మ వచ్చినట్టేనని నేను ఇల్లు ఊడ్చి, ముగ్గు కూడా వేయబోయి మానుకున్నాను.

ఆర్డరు వచ్చింది.

"విచారణలో మొరుగుడు వాస్తవమేనని రూఢి అయినది. సదరు మొరుగుడు ప్రతివాది ఆవరణనుండి గాక అర్జీదారుని నోటినుండి వెలువడుట ఈ అధికారి స్వయముగా విన్నాడు. కావున అర్జీదారునకు వెంటనే లైసెన్సు తీసుకొని, మెడలో ఇత్తడి బిళ్ల కట్టి, బొడ్డు చుట్టూ సూదిమందు వేయించవలెను. యజమాని ఎవరూ ముందుకు రానిచో దిక్కులేనిదిగా భావించి బందెలదొడ్డికి తోలవలెను."

కాగితం పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తాను.

"నేను మనిషిని కదయ్యా!"

"ఆ సంగతి నాకు తెలుసు సార్. కాయితానికి తెలవాల గదా" అన్నాడు జ్ఞానప్రకాశం, నిజంగా బాధపడుతూనే. "అప్పీలుంది. పెట్టుకోవచ్చు."

"ఇటివ్వు, ఇప్పుడే రాస్తాను."

"మీరు రాస్తే చెల్లదు. మీ యజమాని రాయాల."

"నాకు యజమాని ఎవరయ్యా!"

జ్ఞానప్రకాశం నన్ను జాలిగా చూశాడు. "పెళ్లైంది గదా సార్ మీకు?"

చిల్లకూరుకు నోటీసు పోయింది. తర్వాతి బస్సుకే ఆదిశేషమ్మ దిగింది. ఇంటికి కూడా రాకుండా, ట్రంకుపెట్టె చంకనబెట్టుకుని సరాసరి పంచాయతీ ఆఫీసు మెట్లెక్కింది.

"మా ఇంటాయన్ని దొడ్డికి తోలేవోడు ఎవుడు? రమ్మను, చూస్తా! తాళి గట్టినోణ్ణి దిక్కులేనోడని ఎట్టా రాస్తారయ్యా? నేనేమన్నా చచ్చినానా?"

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమెకు నా మీద ఇంత ఉన్నదని ఎన్నడూ తెలియలేదు. ప్రభుత్వం వల్ల తెలిసింది. ఆ మేరకు ప్రభుత్వానికి రుణపడి ఉన్నాను.

జ్ఞానప్రకాశం ఆమెకు కుర్చీ వేసి విషయం వివరించాడు. అప్పీలు చేస్తే నెల్లూరు పోయి, అక్కణ్ణుంచి హైదరాబాదు పోయి, ఎప్పటికో తిరిగివస్తుంది. అందాకా నేను దొడ్డిలో ఉండాలి. అక్కడ పచ్చిగడ్డి మాత్రం వేళకు వేస్తారు. అలా కాక ఆమె యజమానిగా సంతకం పెడితే ఇప్పుడే ఇంటికి తోలుకుపోవచ్చు. అయితే యజమాని ఊరు విడిచి వేరేచోట కాపురం ఉండకూడదు.

ఆదిశేషమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నేను ఎండిపోయి, గడ్డం మాసి, ఆ లైసెన్సుకు తగినట్టే ఉన్నాను.

"ఇన్నేళ్లుగా నేను సాకతానే ఉండాను గదయ్యా" అంది కలం అందుకుంటూ. "కాయితం ఇప్పుడా ఇచ్చేది?"

సంతకం పెట్టింది. రాత్రిళ్లు కట్టెయ్యాల్నా అని ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది. అది యజమాని ఇష్టమని జ్ఞానప్రకాశం చెప్పాడు. బిళ్ల మాత్రం వెంటనే కట్టించాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా పొయ్యి రాజుకుంది. వేడి అన్నం, వంకాయ పులుసు. నేను నాలుగు ముద్దలు ఆవురావురుమని మింగి, ప్రాణం కుదుటపడ్డాక, "పులుసులో ఉప్పు రవ్వంత..." అన్నాను. సరిగ్గా అప్పుడే పక్కింట్లో నల్లోడు అందుకుంది, దాని వెంట టైగరు, కాసేపటికి సోల్జరు.

"నోరు మూసుకో!" అని ఆదిశేషమ్మ గరిటెతో గోడ మీద కొట్టింది.

కుక్కలు వినలేదు. వాటికి లైసెన్సు లేదు. నేను మూసుకున్నాను.