తీతువు పిట్టకు కంకర పురుడు

ఎవరేమన్నా సరే, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలకు కంకర రోడ్డును మించిన పురుటిగది లేదు!

పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో ఈ సిద్ధాంతం కనిపెట్టినవాడు కొత్తవాడ జంపఖానాల వ్యాపారి వెంకట్రాజం. హసన్‌పర్తి పక్కన తన చెలక, అంటే మెట్ట చేను, మీదుగా రోడ్డు వేయించమని నాయకుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నవాడు. ఆయన కాక ఇంకెవరంటారు?

ఆ చెలకలో ఏటా ఓ తీతువు జంట గుడ్లు పెట్టేది. గూడంటే ఏముంది, గులకరాళ్ల మధ్య చిన్న గుంట. రోడ్డు వచ్చి చెలకను మింగేసరికి పిట్ట గత్యంతరం లేక రోడ్డంచున పోసిన కంకరలోనే గుడ్లు పెట్టింది.

వెంకట్రాజం పొంగిపోయాడు. మునుపు పాపం రాళ్లు అదే వెతుక్కునేది. ఇప్పుడు సర్కారే లారీల్లో తెచ్చి పోయడం లేదా? హారన్ మోతకు నక్కలు పరార్! పుట్టిన పిల్లలు ఉరకడానికి సాపు బాట! ఇంత అభివృద్ధి ఏ పిట్ట చూసింది?

"రేపు రోలరొస్తదట. గుడ్లమీదికెల్లి పోతె అది గూడ అభివృద్ధేనా?" అంది భార్య విమలమ్మ.

వెంకట్రాజం తెల్లారి ఉరికురికి వెళ్లి రోలర్‌కు అడ్డం నిలబడ్డాడు.

"సేటూ, రోడ్డు రోడ్డని పానం దీసింది నువ్వేనాయె! ఇప్పుడు అడ్డమొస్తవేంది?" అన్నాడు డ్రైవర్ యాకయ్య.

"జర పక్కకెల్లి పోనియ్యి యాకయ్యా. పిట్ట పొదుగుతాంది."

యాకయ్య నవ్వాడు. కానీ మంచివాడు, ఆ అంచు వదిలేసి రోలర్ తిప్పాడు.

ఇక వెంకట్రాజానికి హుషారొచ్చింది. మళ్లీ ఎవరైనా తొక్కుతారేమోనని గొడుగేసుకుని గుడ్ల పక్కనే కాపలా కూర్చున్నాడు. తీతువు అరుస్తూ గొడుగు కిందికి దూసుకొచ్చి ఆయన టోపీ ఎగరగొట్టింది. "పిచ్చి పిట్ట! నీకోసమే గదనే కూసున్న!" అని బుజ్జగించాడు. పొద్దుగూకేదాకా కదల్లేదు.

మనిషి కదిలితే కదా పిట్ట గుడ్ల మీదికి వచ్చేది! రోహిణి ఎండకు కంకర పెనంలా కాలింది. గుడ్లు లోపలే ఉడికిపోయాయి. రోలర్ చేయలేని పని కాపలా చేసింది.

విమలమ్మ ఆ గొడుగు మడిచి అటక మీద పడేసింది. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు వెంకట్రాజం బస్సు కోసం అక్కడే నిలబడ్డాడు. తీతువు ఆయన నెత్తిమీదే తిరుగుతూ ఒకటే అరుపు.

"అపశకునం పిట్ట! పొద్దుగాల్నే మొదలువెట్టింది" అని విసుక్కున్నాడు పక్కనున్న మనిషి.

"దాన్నేమనకు" అన్నాడు వెంకట్రాజం తల దించుకుని. "అది లేవంగనే నా మొకం జూసింది."