వేదిక చుట్టూ పరిచిన తీగ

చెవికి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు మీటింగులో ఒక్క ముక్క కూడా వినపడకూడదు. కోప్పడకండి! వినపడితే ఎంత నష్టమో చెబుతాను.

మా కాలనీ హాల్లో ఇండక్షన్ లూప్ పెట్టారు. అంటే నేల మీద చుట్టూ ఒక తీగ పరుస్తారు. ఆ తీగ లోపల కూర్చుని చెవి మిషన్ మీది మీట నొక్కితే, మైకులో మాట ఫ్యాన్ల రొద కలవకుండా నేరుగా చెవిలో పడుతుంది. ఎంత మంచి పని! రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు.

తీగ మాత్రం వేదిక చుట్టూ పరిచారు!

ఇదేమిటని సెక్రటరీని అడిగాను. "జనం కూర్చునే చోట పరచాలంటే టైల్స్ పగలగొట్టాలమ్మా. వేదిక మీద కార్పెట్ ఉంది, దాని కింద దూర్చేశాం" అన్నాడు. ఏం ముందుచూపు! ఎవరి మొరా చెవికెక్కనిది పైన కూర్చునేవాళ్ళకే కదా? వైద్యం వాళ్ళకే చెయ్యాలి మరి!

చెవికి మిషన్ పెట్టుకుని కింద కూర్చునే మా వదినకు లూప్ ఎందుకు? ఆవిడ మా ఆయన అక్కగారు. హాలు మెట్ల కింద కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతోంది. మీటింగులో అంత మర్యాదస్తురాలు ఇంకొకరు లేరు. ఎదురు ప్రశ్న వెయ్యదు, మధ్యలో లేవదు. ప్రెసిడెంటు ఇటు చూస్తే చాలు, నవ్వి తల ఊపుతుంది. కమిటీకి ఇంకేం కావాలి?

మొన్న ప్రెసిడెంటు చదివాడు: "మెట్ల కింద కుట్టుమిషన్ తీయించి, విరిగిన కుర్చీలు పెట్టాలి. అభ్యంతరమా?" వదిన నవ్వి తల ఊపింది. ఏకగ్రీవం!

నేను లేచాను. "ఆవిడే ఒప్పుకుంది, మధ్యలో మీకేమిటమ్మా?" అన్నాడు ప్రెసిడెంటు.

వదిన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను: "నీ మిషన్ పీకేస్తారట!"

ఆవిడ లేచింది. చకచకా వేదిక ఎక్కింది, ఖాళీ కుర్చీలో కూర్చుంది, మీట నొక్కింది. "ఇప్పుడు చదువు నాయనా" అంది.

ప్రెసిడెంటు మళ్ళీ చదివాడు.

"గంట కొట్టినట్టు వినపడింది. నేను ఒప్పుకోను. ఆ కుర్చీలు విరగ్గొట్టింది నేనా?" అంది. హాలంతా గొల్లున నవ్వింది. అంశం వాయిదా పడింది. అంతటితో దిగిందా? "ఆగండాగండి. పోయినసారి దేనికి తల ఊపాను నేను? అదీ చదవండి!" అంది.

చూశారా నష్టం! ఒక్క మనిషికి వినపడితే ఇంత రభస. కింద నలుగురికీ వినపడితే కమిటీ బతుకుతుందా?

వచ్చే మీటింగుకు అదే అంశం మళ్ళీ పెట్టారు. ఈలోపే కార్పెట్ ఎత్తి తీగ పీకేశారు. ఎందుకయ్యా అంటే, నడిచేవాళ్ళ కాళ్ళకు అడ్డం వస్తోందట!

ఇన్నాళ్ళూ ఒక్కరి కాలికీ తగలని తీగ, మా వదినకు వినపడ్డ మర్నాడే కమిటీ మొత్తం కాళ్ళకు తగిలింది.