వంటమ్మ నామినేషను

ఆ రోజు పదిన్నరకల్లా పప్పు దించేసి, పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో ఉండాలని పద్మకుమారి అనుకుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఈసారి నాలుగో వార్డు మెంబరుగా నామినేషను వేసింది. ఎదురు నిలిచినవాడు జగన్నాధం ఒక్కడే. ప్రభుత్వోద్యోగులు పోటీ చేయకూడదు కాబట్టి ఆమె నామినేషను కొట్టేయాలని అతను రాసిచ్చాడు.

"ఒసే అమ్మడూ, పోపు నువ్వెయ్యి. మనది గవర్నమెంటు ఉద్యోగమని జగన్నాధం మావ రాసిచ్చీసినాడట. ఆఫీసుకి రమ్మన్నారు," అని తోటి వంటమనిషికి చెప్పి, బెంగగా బయలుదేరింది.

అమ్మడుకు అందులో శుభవార్తే వినిపించింది. పదేళ్లుగా గరిట తిప్పుతున్నా దాన్ని ఉద్యోగమని ఎవరూ ఒప్పుకోలేదు మరి. వెంటనే ఫోనందుకుంది.

"మనయి గవర్నమెంటు ఉద్యోగాలైపోనాయే! జగన్నాధం మావ రాయించినాడు!"

వంటలు ముగించుకుని, చుట్టుపక్కల బడుల వంటవాళ్లు నలభై మంది ఆటోలెక్కారు. ఎన్నికల అధికారి శైలజ మిగతా వార్డులవన్నీ చూసి వీళ్ల కాగితాలు తీసేసరికి జగన్నాధం మెడలో బంతిపూల దండలు పడుతున్నాయి.

"మా కష్టం సూసినోడివి నువ్వొక్కడివే, మావా!" అంది అమ్మడు.

జగన్నాధానికి ఏమీ అర్థం కాలేదు. కానీ అంతమంది చప్పట్లు కొడుతుంటే ఊరుకోలేకపోయాడు. "ముమ్మాటికీ గవర్నమెంటు ఉద్యోగమే! కాదన్నోడెవడో సూస్తాను!" అని బల్ల గుద్దాడు.

పద్మకుమారి ఇరుకున పడింది. అవునంటే నామినేషను పోతుంది. కాదంటే ఈ నలభై ముఖాలూ మాడిపోతాయి. లేచి నిలబడింది.

"మేడమ్, మాకు ఆర్డరు కాయితం లేదు, పింఛను లేదు. జొరమొస్తే మా బదులు మనిషిని మేమే ఎతుక్కోవాల. ఇది ఉద్యోగమని మీరు రాసిచ్చీండి. నామినేషను నానే సింపీసుకుంటాను."

శైలజ నిబంధనల పుస్తకం తిరగేసింది.

"గౌరవ వేతనం తీసుకుంటే ఉద్యోగి అయిపోరమ్మా. నామినేషను ఆమోదిస్తున్నాను. ఉద్యోగం సంగతి మాత్రం జిల్లా ఆఫీసులో తేల్చుకోవాలి."

వంటవాళ్లు జగన్నాధం వైపు తిరిగారు.

"బల్ల గుద్దినావు గదా మావా! పద, జిల్లా ఆఫీసుకి ఎల్దుము!"

మెడనిండా దండలతో ఏమని తప్పించుకుంటాడు? ప్రచారం రోజులన్నీ అతనికి అర్జీలు రాయడంతోనే సరిపోయాయి. పద్మకుమారి బడి నుంచి రాగానే గడప గడపకూ తిరిగి, డెబ్బై రెండు ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. నలభై మందీ గరిటెలు, గిన్నెలు మోగిస్తూ ఆమెను వీధి వీధీ ఊరేగించారు.

జగన్నాధం మాత్రం ఊళ్లో లేడు. వంటవాళ్ల అర్జీ మీద ముద్ర వేయించడానికి విజయనగరంలో వరుసలో నిలబడి ఉన్నాడు.