తూలని నియోజకవర్గం

"మన నియోజకవర్గంలో ఇకమీదట ఏ బిడ్డా తూలడానికి వీల్లేదు!"

2008లో పత్తికొండ సభలో ఎమ్మెల్యే రాఘవేంద్రప్రసాద్ గారు ఇలా గర్జించగానే ముందుగా చప్పట్లు కొట్టినవాడు పార్టీ కార్యకర్త ఓబుళేశు. కొట్టడూ మరి! తూలుతున్నది అతని కూతురే. పుట్టుచెవుడున్న మధులతకు సర్కారు ఖర్చుతో చెవిలో మిషను పెట్టారు. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది గానీ, నాలుగడుగులు వేస్తే పక్కకు ఒరిగిపోతుంది.

"చెవిలో నిలకడ చూసే భాగం కూడా పుట్టుకతోనే బలహీనం. మేనరికాల్లో ఇట్లాంటివి ఎక్కువ. రోజూ తర్ఫీదిస్తే నడక కుదురుతుంది, ఆలస్యం చేయొద్దు" అన్నాడు డాక్టరు. ఓబుళేశు భార్య గురమ్మ అతని సొంత అక్క కూతురే.

ఎమ్మెల్యే గారిది చురుకైన బుర్ర. పత్తికొండలోనే తర్ఫీదు గది మంజూరు చేశారు. పనిలో పనిగా 'మేనరికం మానండి' ఉద్యమమూ మొదలెట్టారు. ప్రతి సభలోనూ ఓబుళేశు దంపతులను వేదికెక్కించి, "వీళ్లను చూసి బుద్ధి తెచ్చుకోండి!" అని ఆప్యాయంగా పరిచయం చేసేవారు.

"మామా, మనమేమన్నా దొంగతనం చేసినామా? ఊరూరా నిలబెడతాండారు" అంది గురమ్మ.

"గది కట్టిస్తాండాడు గదే, ఊరుకో" అన్నాడు ఓబుళేశు. సిగ్గుతో అతని ప్రాణం చచ్చిపోతూనే ఉంది.

గది లేచింది. పట్టుకుని నడవడానికి కమ్మీలు, పడినా దెబ్బ తగలకుండా పరుపులు వచ్చాయి. ప్రారంభోత్సవం నాడు దండ తీసుకొస్తూ మధులత బోర్లాపడింది. ఎమ్మెల్యే గారు చటుక్కున ఎత్తుకుని, ఫోటో అయ్యేదాకా దించలేదు. పేపర్లు ఆ కరుణను రంగుల్లో వేశాయి.

మర్నాడు భార్యాబిడ్డలతో ఓబుళేశు వెళ్లేసరికి గదినిండా బియ్యం బస్తాలు. పరుపుల మీద వంటవాళ్లు కునుకు తీస్తున్నారు. కమ్మీలకు అరటిగెలలు వేలాడుతున్నాయి.

"సార్ కూతురి పెండ్లప్పా. అయ్యేదాకా ఓపిక పట్టు" అన్నాడు పి.ఎ. మురళి.

"డాక్టరు ఆలస్యం చేయొద్దన్యాడు సార్..." అని నసిగాడు ఓబుళేశు. మళ్లీ తనే సర్దుకుని, "పిల్లోడు యాడోడు సార్?" అన్నాడు.

"ఇంకెవరప్పా? అమ్మగారి సొంత తమ్ముడే. ఆస్తి బయటికి పోకూడదు గదా!"

ఒరిగిపోతున్న కూతురిని ఒడిసిపట్టుకుంటూ గురమ్మ అంది:

"అట్లయితే ఆ కమ్మీలు శానా జాగ్రత్తగా పెట్టించండి సార్. ఎమ్మెల్యే గారింటికే పనికొస్తాయి."

ఆమె అభిమానానికి మురళి ముచ్చటపడి, ఒక శుభలేఖ చేతిలో పెట్టాడు.