రోడ్డుకేసి ముఖం

ఆ ఉదయం శిల్పి వేసుకున్న లెక్క చాలా సులువు: తొమ్మిదింటికి పార్కుకు వెళ్లడం, పదింటికి మేయర్ రిబ్బన్ కత్తిరిస్తుంటే పక్కన నిలబడడం, భోజనాల వేళకు ఇల్లు చేరడం. ఎప్పుడో రాజుల కాలంలో ఒకరిమీద ఒకరు పద్యాలు చెప్పుకున్న కవి, కవయిత్రి విగ్రహాలవి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి. ఆ చూపు కోసం ఆయన మూడేళ్లు రాతిపొడి మింగాడు.

తీరా వెళ్లి చూస్తే ప్రేమికులిద్దరూ వీపులు ఆనించుకుని నిలబడి ఉన్నారు.

"ఎవడు పెట్టాడిలా?"

"నేనే," అన్నాడు మున్సిపల్ ఇంజనీరు ఫైలు తెరిచి. "విగ్రహం ముఖం రోడ్డుకేసి ఉండాలని రూలు. ఇక్కడ రెండు వైపులా రోడ్లే. అందుకని చెరో రోడ్డు ఇచ్చాం."

"వాళ్లేమన్నా ట్రాఫిక్ పోలీసులా?"

"నామీద ఎగిరితే ఏం లాభమండీ? క్రేన్ వెళ్లిపోయింది."

"మేయర్ గారితో చెప్పండి, కాస్త నెమ్మదిగా," అంది వెంట వచ్చిన భార్య. ఆయనకు నెమ్మది కుదిరేలోపే మేయర్ మైకు అందుకున్నాడు. "అలక! ప్రేమలో అలకను ఇంత చక్కగా చెక్కినవాళ్లు లేరు." శిల్పి కేకలు చప్పట్లలో కలిసిపోయాయి.

జనం వెళ్లగానే ఆయన పానా పుచ్చుకుని దిమ్మె ఎక్కి, కవయిత్రి కాళ్ల దగ్గర బోల్టు విప్పసాగాడు.

"ఏమండీ, ఒక్కరే తిప్పగలరా? నడుం పట్టేస్తుంది."

"తిప్పలేకపోతే పీకి ఇంటికి పట్టుకుపోతా."

కాపలావాడు వచ్చి కాలు పట్టుకున్నాడు. "నేనే చెక్కానయ్యా," అంటే, "దొరికినవాళ్లందరూ ఏదో ఒకటి చెబుతారు," అని పోలీసులకు అప్పగించాడు.

"శిల్పి ఫిర్యాదు ఇస్తేగానీ విగ్రహం పాడుచేసిన కేసు నిలవదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆ శిల్పిని నేనే. కాగితం ఇవ్వండి."

తన విగ్రహాలను సర్వనాశనం చేశారనీ, చేసినవాణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దనీ రెండు పేజీలు రాశాడు.

"ఆ ఇంజనీరు పేరు రాయండి," అంది భార్య.

"ఆ దరిద్రుడి పేరు నా చేత్తో రాయను," అని సంతకం గీకేశాడు.

ఇన్‌స్పెక్టర్ తృప్తిగా చదివి, పేరు లేని చోట, పానాతో సహా దొరికిన మనిషి పేరు రాసుకున్నాడు.

ఫిర్యాదుదారుణ్ణీ నిందితుణ్ణీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు, చోటు సరిపోయింది.